ఎవరి మీద ఆధారపడితే తప్పు?

తెలుగులో 'దిక్కు' అన్న మాటకి రెండు అర్థాలు. తూర్పు పడమరల దిక్కు ఒకటి, ఆసరా ఇంకొకటి. 'మగదిక్కు లేని ఇల్లు' అన్నప్పుడు రెండో అర్థమే పైకి కనిపిస్తుంది గానీ మొదటిది కూడా లోపల నక్కి ఉంటుంది. మగవాడు లేని ఇంటికి ఆసరా లేకపోవడమే కాదు, ఎటు నడవాలో కూడా తెలియదని దాని భావం. కథల్లో స్త్రీల పరాధీనత గురించి పరిశోధన చేసిన రోజుల్లో ఈ మాట కింద ఎన్నిసార్లు గీత గీసుకున్నానో లెక్కలేదు. ఇప్పుడు అదే మాట పార్లమెంటు చట్టాల వెనక, మంత్రిత్వ శాఖల ప్రకటనల వెనక వినిపిస్తోంది. అక్కడ దిక్కులేనిదిగా నిలబడ్డది దేశం. పరాయివాడి మీద ఆధారపడి బతుకుతోందని, అది అవమానమని, ప్రమాదమని, ఇక ఎవరి ముందూ చెయ్యి చాచకూడదని అంటున్నారు.

2023 జూన్‌లో కేంద్ర గనుల శాఖ 30 ఖనిజాల జాబితా ఒకటి ప్రకటించింది. వాటికి 'కీలక ఖనిజాలు' అని పేరు. లిథియం, కోబాల్ట్, నికెల్ వంటి పదింటికి మనం నూటికి నూరుపాళ్లూ దిగుమతుల మీదే ఉన్నామని అందులో రాశారు. సెల్‌ఫోన్ బ్యాటరీకీ, కరెంటు బండి మోటారులోని అయస్కాంతానికీ, సోలార్ పలకకీ, క్షిపణికీ ఇవే కావాలి. రెండు నెలలు తిరక్కముందే 1957 నాటి గనులు, ఖనిజాల చట్టాన్ని సవరించారు. బిల్లుని జులై 28న లోక్‌సభ, ఆగస్టు 2న రాజ్యసభ ఆమోదించాయి. ఆ వారాల్లో సభ ఎందుకు అట్టుడికిపోయిందో మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మణిపూర్‌లో స్త్రీలను వివస్త్రలను చేసి ఊరేగించిన వీడియో బయటపడి, దాని మీద చర్చ జరగాలని ప్రతిపక్షం పట్టుబట్టిన రోజులవి. ఆ కేకల మధ్య నుంచే ఖనిజాల బిల్లు నడిచి వెళ్లిపోయింది. ఈ రెంటికీ సంబంధం ఉందని నేననను. ఒకే సభలో, ఒకే వారంలో, ఏది ఆగిందో ఏది ఆగలేదో గమనించమంటున్నాను, అంతే.

ఆ సవరణ మొదటి షెడ్యూలుకి 'డి' భాగం చేర్చి, 24 ఖనిజాలను 'కీలక, వ్యూహాత్మక ఖనిజాలు' అంది. వాటి గనులను వేలం వేసే అధికారం రాష్ట్రాల చేతి నుంచి కేంద్రం చేతికి వెళ్లింది. అణు ఖనిజాలుగా ప్రభుత్వ సంస్థలకే పరిమితమై ఉన్న లిథియం మొదలైన ఆరింటిని ప్రైవేటు సంస్థలకి తెరిచారు. 2025 జనవరిలో జాతీయ కీలక ఖనిజాల మిషన్ వచ్చింది. దానికి ప్రభుత్వం 16,300 కోట్లు పెడుతుందని, ప్రభుత్వరంగ సంస్థలు ఇంకో 18,000 కోట్లు పెడతాయని చెప్పారు. 2025 ఆగస్టులో చట్టానికి మరో సవరణ చేశారు. ఇది మన ఒక్కరి తొందర కూడా కాదు. ఐరోపా సమాఖ్య 2024లో ఇలాంటిదే ఒక చట్టం తెచ్చి, ఏ వ్యూహాత్మక ఖనిజమైనా 65 శాతానికి మించి ఒకే బయటి దేశం నుంచి రాకూడదని 2030కి గురి పెట్టుకుంది.

ఈ భయం ఉత్త బూటకమని కొట్టిపారేయడం సులువు. మనలాంటి వాళ్లం, అంటే ప్రభుత్వం ఏం చెప్పినా వెనక కంపెనీని వెతికే అలవాటున్న వాళ్లం, ఆ పని త్వరగా చేస్తాం. కానీ భయంలో నిజముంది. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల అరుదైన ఖనిజ మూలకాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టగానే అయస్కాంతాలు దొరక్క మన దేశంలో కూడా వాహన పరిశ్రమ గిలగిల్లాడింది. అమ్మేవాడు ఒక్కడే అయినప్పుడు, వాడు కాదంటే చేసేదేమీ లేదు. ఒక్క మగవాడి జీతం మీద బతికే ఇంట్లో పుట్టిపెరిగిన ఏ స్త్రీకైనా ఈ విషయం విడమరిచి చెప్పనక్కర్లేదు.

భైంసాలో ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. మాది గనుల ఊరు కాదు, పత్తి ఊరు. బొగ్గు గనులు తూర్పున, బెల్లంపల్లి, మందమర్రి వైపు. మా వైపు నల్లరేగడి, జిన్నింగు మిల్లులు, మార్కెట్ యార్డు, ఇంకాస్త పోతే మహారాష్ట్ర. కీలక ఖనిజాలతో మాకేం పని అనిపిస్తుంది. కానీ ఆ 24 పేర్లలో లిథియం, టంగ్‌స్టన్‌ల పక్కనే ఫాస్ఫేటు, పొటాష్ కూడా ఉన్నాయి. అంటే ఎరువుల బస్తా. పొటాష్ మొత్తం బయటి నుంచే రావాలి, డీఏపీలో సగం పైన బయటిదే. యూరియా ఆ జాబితాలో లేదు గానీ దాన్ని తయారు చేసే సహజవాయువులో పెద్ద వాటా ఓడల్లోనే వస్తుంది. 2025 వానాకాలంలో తెలంగాణ అంతటా యూరియా కరువొచ్చింది. 1999లో మూతపడి 2021లో మళ్లీ తెరుచుకున్న రామగుండం కర్మాగారం ఆ కాలంలోనే మాటిమాటికీ ఆగింది. తెల్లవారకముందే వచ్చి లైన్లో చెప్పులు పెట్టి, పాస్‌బుక్కులు పెట్టి, వాటి పక్కన కూర్చున్న వాళ్లను మనం పేపర్లలో చూశాం. వాళ్లలో ఆడవాళ్లు ఎంతమందో కూడా చూశాం.

మా చిన్నమ్మ ఆ లైన్లో రెండు రోజులు నిలబడింది. మూడెకరాల పత్తి, అందులో ఆమె పేర గుంట లేదు. ఫోన్లో అడిగితే, "పాస్‌బుక్కు మీ చిన్నబాపు పేరు మీదున్నది బిడ్డా, నిలబడుడు మాత్రం నా వంతు" అని నవ్వింది. రెండో రోజు ఒక్క బస్తా దొరికింది. రాసుకునే అతను పేరు అడిగితే ఆమె తన పేరు చెప్పిందట, అతను పాస్‌బుక్కు చూసి చిన్నబాపు పేరు రాసుకున్నాడట. పొలం ఆమె మీద ఆధారపడి ఉంది. కాగితంలో ఆమె భర్త మీద ఆధారపడి ఉంది. రెండూ నిజమే. కానీ ఒక్కటే రాతలోకి ఎక్కింది.

స్త్రీవాద తత్వవేత్తలు 'ఆధారపడటం' గురించి ఆలోచించినంతగా ఈ ఖనిజ విధానాలు రాసేవాళ్లు ఆలోచించినట్టు లేదు. నాన్సీ ఫ్రేజర్, లిండా గోర్డన్ 1994లో ఒక వ్యాసంలో ఈ మాట చరిత్రని తవ్వారు. పరిశ్రమలు రాకముందు ఆధారపడటం అందరి స్థితి. నౌకరు యజమాని మీద, యజమాని దొర మీద, దొర రాజు మీద. అది సిగ్గుపడే విషయం కాదు. కూలి డబ్బు తెచ్చే మగవాడు 'స్వతంత్రుడు' అయిన తర్వాతే ఆధారపడటం ఒక నైతిక లోపంగా మారి, ఇంట్లో ఉన్న భార్యకీ, బానిసకీ, వలసల్లోని ప్రజలకీ, చివరికి ప్రభుత్వ సహాయం తీసుకునే ఒంటరి తల్లికీ అంటుకుంది. ఎవా కిట్టే 1999 నాటి తన పుస్తకంలో ఇంకో అడుగు వేసింది. తీవ్రమైన వైకల్యంతో పుట్టిన కూతుర్ని పెంచిన తల్లి ఆమె. మనిషి పుట్టుకలో, జబ్బులో, ముసలితనంలో ఆధారపడక తప్పదు, అందుకని అది లోపం కాదు అంటుంది. అన్యాయం వేరే చోట ఉంది. ఆధారపడినవాళ్లను మోసే మనిషి, ఆ మోత వల్లనే తాను కూడా ఇంకొకరి మీద ఆధారపడాల్సి వస్తుంది, ఆ మోత లెక్కలోకి రాదు.

ఈ వెలుగులో చూస్తే 'స్వావలంబన' అన్న మాట కొంచెం వింతగా కనిపిస్తుంది. స్వయంకృషితో పైకొచ్చానని చెప్పుకునే మగవాడి జీవితచరిత్రలు మనం ఎన్ని చదవలేదు! వాటిలో అన్నం ఎవరు వండారో ఉండదు. దేశం స్వావలంబన సాధించడమంటే ఆధారపడటం మానెయ్యడం కాదు, ఆధారపడే చోటు మారడం. నిన్నటి దాకా ఎక్కడో కాంగోలోని ఊరి మీద, చైనాలోని బావోటౌ మీద. రేపు ఇక్కడి ఊరి మీద, దాని నీళ్ల మీద, ఆ నీళ్లు మోసేవాళ్ల మీద. బయటి ఆధారాన్ని 'బలహీనత' అంటున్నాం. లోపలి ఆధారానికి పేరే పెట్టడం లేదు. పెళ్లయిన ఆడదాని చాకిరీకి పేరు పెట్టనట్టే.

చోటు మారితే మారనీ, కనీసం ఇది మన ప్రభుత్వం, మన కోర్టులు, మనం అడగొచ్చు కదా అని ఎవరైనా అంటారు. నాకూ ఈ మాటే మొదట సబబుగా తోచింది. కాంగో స్త్రీ మన పార్లమెంటుని అడగలేదు, మనం అడగగలం. దగ్గరి వాళ్ల మీద ఆధారపడటంలో ఉన్న ఏకైక నైతిక ఆధిక్యం అదే, అవతలివాళ్లు కాదనగలరు. మరి ఆ కాదనే హక్కు ఏమైంది?

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనులకి అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. అయితే అందులోనే ఒక మినహాయింపు ఉంది. దేశ రక్షణకి సంబంధించినవీ, కేంద్రం 'వ్యూహాత్మకం' అని తేల్చినవీ అయిన ప్రాజెక్టులకి ఆ సేకరణ అక్కర్లేదు. 2025 సెప్టెంబర్ 8న పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక మెమోరాండం జారీ చేసి, అణు ఖనిజాలు, కీలక, వ్యూహాత్మక ఖనిజాల గనులన్నిటికీ ఈ మినహాయింపు వర్తిస్తుందంది. వాటి అనుమతులన్నీ ఇక ఢిల్లీలోనే తేలతాయి. పార్లమెంటు చర్చ లేదు, కొత్త చట్టం లేదు. ఒక చట్టం షెడ్యూలులో 2023లో పెట్టిన విశేషణం ఇంకో నిబంధనలోని అదే విశేషణాన్ని కలుసుకుంది, ఆ కలయికతో ఊళ్లకు ఊళ్ల నోరు మూతపడింది. మాటలు చదవడం నా వృత్తి. ఒక్క విశేషణం ఇంత పని చేయడం నేను ఏ కావ్యంలోనూ చూడలేదు.

ఈ దారి కొత్తగా పడింది కూడా కాదు. ముడి చమురు దిగుమతి తగ్గించడానికి పెట్రోలులో ఇథనాల్ కలపాలన్నారు. 20 శాతం గడువును 2030 నుంచి 2025కి ముందుకు జరిపారు. అందుకోసం 2021 జూన్‌లో, ఆ పథకానికే ఇథనాల్ తయారు చేసే ధాన్యం డిస్టిలరీలను కొన్ని షరతులతో 'బి2' వర్గంలోకి దించారు. బి2 అంటే ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేనిది. దిగుమతి తగ్గించాలి, కాబట్టి తొందరగా కట్టాలి, కాబట్టి అడగక్కర్లేదు. వాదన అప్పుడే తయారైంది. ఖనిజాల దాకా వచ్చేసరికి ముడిసరుకు మారింది, అంతే.

దాని ఫలితం మాకు దూరం కాదు. భైంసా నుంచి నిర్మల్ వెళ్లే రోడ్డు మీద దిలావర్‌పూర్ ఉంది. అక్కడ ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని దిలావర్‌పూర్, గుండంపల్లి గ్రామస్తులు నెలల తరబడి అడిగారు. నీళ్లేమవుతాయి, గాలేమవుతుంది, అసలు మమ్మల్ని అడగకుండా అనుమతి ఎట్లా ఇచ్చారు అన్నవి వాళ్ల ప్రశ్నలు. 2024 నవంబర్ 26న వాళ్లు ఆ రోడ్డు మీద బైఠాయించారు. వాళ్లలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. మాట్లాడటానికి వచ్చిన ఆర్డీవో కారుని రాత్రి దాకా కదలనివ్వలేదు. మర్నాడు ప్రభుత్వం పనులు ఆపించింది.

ఈ ఘటనలో నన్ను వదలని విషయం ఒకటుంది. కారులో చిక్కుకున్న ఆర్డీవో స్త్రీ. పనులు ఆపమని ప్రభుత్వం చెప్పినట్టు ఊరివాళ్లకి తెలియజేసిన కలెక్టరూ స్త్రీయే. ఇద్దరు ఆడవాళ్ల సంతకాల పరిధిలోకి రాని నిర్ణయం, పై నుంచి వచ్చింది. దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత మాత్రం వాళ్ల వంతైంది. అద్దం అవతల కూర్చున్న ఆమె ఆ రాత్రి పడిన భయాన్ని 'పోరాట విజయం' అని రాసేటప్పుడు మనం మింగెయ్యకూడదనుకుంటాను. ముందే ఒక షామియానా కింద ఊరిని కూర్చోబెట్టి అడిగి ఉంటే జరగాల్సిన మాట, అడగలేదు గనుక కారు చుట్టూ జరిగింది. హక్కుగా లేనిది దిగ్బంధనంగా తిరిగొచ్చింది.

ప్రజాభిప్రాయ సేకరణ గొప్ప ఏర్పాటని నేను చెప్పడం లేదు. వాటి గురించి చదివినా, చూసినా నీరసం వస్తుంది. ముందు వరసలో నాయకులు, పక్కన పోలీసులు, వెనకెక్కడో ఆడవాళ్లు, మైకు వాళ్ల దాకా రాకముందే అన్నం వేళ. కోరం అనే షరతే లేదు, పదిమంది వచ్చినా చెల్లుతుంది. అయినా అందులో రెండు మంచి నియమాలున్నాయి. మొత్తం వీడియో తీయాలి. ప్రజలు లేవనెత్తిన అంశాలను, కంపెనీ జవాబులను స్థానిక భాషలో కూడా రాయాలి. పాస్‌బుక్కులో పేరు లేని మనిషి తన పేరు చెప్పి, తన నోటితో, తన భాషలో మాట్లాడితే అది ప్రభుత్వ రికార్డుకి ఎక్కే చోట్లు ఈ దేశంలో ఎన్నున్నాయి? పట్టాదారు కానక్కర్లేదు, చదువు రానక్కర్లేదు. ఉన్న ఆ ఒక్క చోటునీ విశేషణం మింగేసింది.

ఇక్కడ ఒక ప్రశ్న ఉంది, దాన్ని దాటేస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు. ప్రతి ఊరూ వద్దంటే? 2019లో నల్లమలలో యురేనియం వద్దన్నాం. శాసనసభ కూడా ఆ సెప్టెంబర్‌లో వద్దని తీర్మానం చేసింది. నేనూ ఆ రోజుల్లో సంతకాలు పెట్టినదాన్నే. రేపు ఇంకోచోట లిథియం వద్దంటాం. ఈ వ్యాసం రాస్తున్న ల్యాప్‌టాప్‌లో మాత్రం కోబాల్ట్ ఉంటుంది, అది చాలా మటుకు కాంగో నుంచే వచ్చి ఉంటుంది. అక్కడ గనుల కోసం జరిగిన యుద్ధాల్లో స్త్రీల శరీరాలు ఎట్లా యుద్ధభూములయ్యాయో, బుకావులోని పాంజీ ఆసుపత్రిలో వాళ్లకి వైద్యం చేసిన డెనిస్ ముక్వేగేకి 2018లో నోబెల్ శాంతి బహుమతి వచ్చినప్పుడు మనమంతా చదివాం. మన ఊరు వద్దంటే గని ఆగదు, మనకు కనపడని ఊరికి పోతుంది. అప్పుడు మన 'వద్దు' కూడా ఒక రకమైన దిగుమతే. కాలుష్యాన్ని ఎగుమతి చేసి శుభ్రమైన వస్తువు దిగుమతి చేసుకుంటున్నాం.

దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కానీ అడగకపోవడం దీనికి సమాధానం కాదని మాత్రం గట్టిగా చెప్పగలను. కాంగో స్త్రీకి జరిగిన అన్యాయం ఇక్కడి స్త్రీని అడగకుండా ఉంటే తీరదు. ఆ అన్యాయానికి మూలమే ఆమెను ఎవరూ అడగకపోవడం. పైగా ఊరికి 'వద్దు' అనే హక్కు ఉన్నప్పుడే 'ఎంత కావాలి, ఎవరికి కావాలి' అన్న ప్రశ్న పుడుతుంది. వద్దనలేని చోట గిరాకీని తగ్గించాల్సిన అవసరం ఎవరికీ రాదు. పాత ఫోన్లు, బ్యాటరీల నుంచి ఖనిజాలు తిరిగి రాబట్టడానికి 2025 సెప్టెంబర్‌లో 1,500 కోట్లతో ప్రోత్సాహక పథకం ఒకటి పెట్టారు, మంచిదే. కానీ చెత్త ఏరి, వైర్లు కాల్చి ఆ పనిని ఇన్నాళ్లూ చేస్తున్న చేతులు కూడా ఎక్కువగా పేరులేని వాళ్లవే. పథకంలో వాళ్ల చోటేమిటో చూడాలి.

గనుల వల్ల ఉద్యోగాలొస్తాయి కదా అనేది ఇంకో మాట. ఎవరికి? 1952 గనుల చట్టం 46వ సెక్షన్ భూగర్భంలో స్త్రీలు పనిచేయడాన్ని నిషేధించింది. షరతులతో దించవచ్చని కేంద్రం అన్నది 2019లో. అరవై ఏళ్లకి పైగా సింగరేణి బొగ్గు మన ఇళ్లలో దీపాలు వెలిగిస్తుంటే, భూగర్భంలోని కూలీ మాత్రం చట్టప్రకారం మగవాడే. భూమి పోగొట్టుకోవడంలో సమానత్వం ఉంది, మస్టర్లో లేదు.

ఇంకో విషయం చెప్పకపోతే మా ఊరివాళ్లు ఒప్పుకోరు. ఖనిజాల చట్టానికి రెండో సవరణ జరిగిన 2025 ఆగస్టులోనే, 19వ తేదీ నుంచి, పత్తి దిగుమతి మీదున్న 11 శాతం సుంకాన్ని కేంద్రం ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అంటే మా పత్తి యార్డుకి వచ్చే నెలలన్నీ. సుంకం ఎత్తేస్తే బట్టల మిల్లులకి మేలని కారణం చెప్పారు. కావచ్చు. కానీ దిగుమతి మీద ఆధారపడటమే దేశానికి అవమానమైతే, పత్తి విషయంలో ఆ అవమానం ఎందుకు కలగలేదు? ఆ శీతాకాలంలో భారత పత్తి సంస్థకి అమ్మాలంటే సెల్‌ఫోన్ యాప్‌లో స్లాటు తీసుకోవాలన్నారు. తెలంగాణలో ఎకరానికి ఏడు క్వింటాళ్లకి మించి కొనమన్నారు. నడుముకి ఒడి కట్టుకుని, గింజ గుచ్చుకున్న వేళ్లతో ఆడకూలీలు ఏరిన పత్తి అది. వాళ్ల పని 'కీలకం' కాదు, 'వ్యూహాత్మకం' అసలే కాదు. ఏ ఆధారం సిగ్గుచేటో, ఏది వ్యాపారమో తేల్చే దగ్గర వాళ్లు లేరు.

మరి ఏం అడగాలి? సెప్టెంబర్ మెమోరాండాన్ని వెనక్కి తీసుకోమని అడగడం మొదటిది. కానీ పాత షామియానాని పాతగానే తిరిగి తెచ్చుకుంటే చాలదు. అటవీ హక్కుల నియమాల్లో 2012 సవరణ తర్వాత గ్రామసభకి సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో కనీసం మూడోవంతు స్త్రీలుండాలి. 2013లో ఒడిశాలోని నియమగిరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో 12 గ్రామసభలు జరిగాయి, పన్నెండూ బాక్సైటు గనిని వద్దన్నాయి. అడిగితే ఏమవుతుందో ప్రభుత్వానికి అక్కడే తెలిసిందేమో. ఆ కోరం నియమాన్ని గనుల అనుమతికి కూడా పెట్టమనాలి, అది కీలక ఖనిజమైనా సరే. సభని కలుపుకి, ఏరుడుకి పోయే వేళలో పెట్టకూడదనాలి. రాతలో 'స్థానిక భాష' అని ఏకవచనంలో ఉన్న చోట బహువచనం పెట్టించాలి. భైంసా చుట్టుపక్కల ఊళ్లలో ఒకే పత్తి చేనులో తెలుగు, మరాఠీ, ఉర్దూ వినిపిస్తాయి. ఇంకాస్త ఉత్తరానికి పోతే గోండి. రాసుకునే అతను ఏ భాషలో రాసుకున్నా సరే, చెప్పిన మనిషి పేరునే రాసుకోవాలి.